సర్వీసు సమస్యపై అర్జీ ఎలా పెట్టాలి? ప్రభుత్వ ఉద్యోగులకు మారిన దారులు, మార్పించుకోవలసిన పద్ధతులు

ఇంక్రిమెంటు ఆగిపోయింది. సీనియారిటీ జాబితాలో పేరు కిందికి జారింది. జీతంలోంచి రికవరీ మొదలైంది. ఇలాంటిది జరిగినప్పుడు మన ఉద్యోగుల్లో చాలామంది ముందు తెలిసిన నాయకుడి ఇంటికి వెళ్తారు. తర్వాత సోమవారం కలెక్టరేటులో ప్రజలతోపాటు వరుసలో నిలబడి కాగితం ఇస్తారు. అదీ కాకపోతే ఫోనులో ఏదో ఒక ఫిర్యాదుల పోర్టల్ తెరిచి రాస్తారు. సర్వీసు సమస్యకు ఈ మూడూ సరైన దారులు కావు. మొదటిదైతే ప్రవర్తనా నియమావళి ప్రకారం తప్పు కూడా. న్యాయం మన వైపు ఉన్నా, వెళ్లకూడని తలుపు తట్టి ఏడాది పోగొట్టుకున్నవాళ్లు ప్రతి శాఖలోనూ కనిపిస్తారు. అది చూస్తే బాధ కలుగుతుంది. ఎందుకంటే వాళ్లలో చాలామంది గెలవవలసినవాళ్లే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులను, ఈ రెండు రాష్ట్రాల్లో పనిచేసే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. గత పదేళ్లలో దారులు మారాయి. కొన్ని మూసుకుపోయాయి, కొన్ని కొత్తగా వచ్చాయి. ఒక విషయం మాత్రం మారలేదు: సర్వీసు వివాదంలో గెలుపోటములు చాలాసార్లు తేదీల దగ్గరే తేలిపోతాయి. అందుకే ఇందులో ఎక్కువ భాగం తేదీల గురించే ఉంటుంది.

ముందుగా తెలుసుకోవలసింది: ఏ తలుపు ఎవరిది

రాష్ట్ర ఉద్యోగులకు ఒకప్పుడు సొంత ట్రైబ్యునల్ ఉండేది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం ఆధారంగా 1976లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రైబ్యునల్‌కే బదిలీ, పదోన్నతి, శిక్ష లాంటి వివాదాలన్నీ వెళ్లేవి. తెలంగాణ ఉద్యోగులపై దాని పరిధి 2016లో ముగిసింది. కొన్నేళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో కూడా ట్రైబ్యునల్ రద్దయి, కేసులు హైకోర్టుకు చేరాయి. ఇప్పుడు రెండు రాష్ట్రాల ఉద్యోగులకూ శాఖలో న్యాయం దొరక్కపోతే మిగిలిన దారి హైకోర్టులో 226 అధికరణం కింద రిట్ పిటిషన్.

ఈ మార్పుతో పోయినదేమిటో ఎక్కువమంది గమనించలేదు. పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టం, 1985లోని 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి అప్పీలుగానీ రిప్రజెంటేషన్‌గానీ (తన సమస్యను అధికారికి రాసి ఇచ్చే వినతి) ఇచ్చిన తర్వాత ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే, శాఖలోని దారి అయిపోయినట్టే లెక్క. అంటే అధికారి మౌనానికి చట్టమే ఒక హద్దు పెట్టింది. ట్రైబ్యునల్‌తోపాటు రాష్ట్ర ఉద్యోగికి ఆ హద్దు కూడా పోయింది. ఫైలు ఎన్నాళ్లు కదలకపోతే ఉద్యోగి కోర్టుకు వెళ్లవచ్చో చెప్పే గీత ఇప్పుడు లేదు. ఆ గీతను మీరే గీసుకోవాలి. అది ఎలాగో కింద చెబుతాను.

కేంద్ర ఉద్యోగులకు ట్రైబ్యునల్ ఉంది. తపాలా, రైల్వే, ఆదాయపు పన్ను, ఇతర కేంద్ర శాఖల సిబ్బంది కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్, అంటే క్యాట్, హైదరాబాద్ బెంచికి వెళ్లాలి. ముందుగా క్యాట్‌కు వెళ్లకుండా నేరుగా హైకోర్టుకు పోవడానికి లేదు. 1997లో చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది: మొదట ట్రైబ్యునల్, దాని తీర్పు నచ్చకపోతే హైకోర్టు ధర్మాసనం.

ఇక సీపీగ్రామ్స్ పోర్టల్. 2024 ఆగస్టులో కేంద్రం ఈ పోర్టల్‌లో ఫిర్యాదు పరిష్కారానికి గడువును 30 రోజుల నుంచి 21 రోజులకు తగ్గించింది. అది చూసి తమ పదోన్నతి సమస్య కూడా మూడు వారాల్లో తేలుతుందని ఆశపడిన ఉద్యోగులున్నారు. కానీ ఆ పోర్టల్ పౌరుల ఫిర్యాదుల కోసం. శాఖలోని నిర్ణీత దారులన్నీ పూర్తిచేసిన తర్వాత తప్ప, ఉద్యోగుల సర్వీసు విషయాలను అక్కడ తీసుకోరు. కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ 2015 ఆగస్టు 31న ఇచ్చిన ఉత్తర్వు దీనికి ఆధారం. పై అధికారులను దాటి నేరుగా ప్రధానికి, మంత్రులకు, కార్యదర్శులకు రిప్రజెంటేషన్లు పంపితే క్రమశిక్షణ చర్య ఉంటుందని కూడా అదే ఉత్తర్వు హెచ్చరించింది. పెన్షనర్లకు ఈ అడ్డంకి లేదు. వారికి ప్రత్యేక పెన్షన్ పోర్టల్, పెన్షన్ అదాలత్‌లు ఉన్నాయి.

రాష్ట్రాల్లో సోమవారం జరిగే ప్రజావాణి, పీజీఆర్ఎస్ కార్యక్రమాలు కూడా ప్రధానంగా ప్రజల కోసమే. కొన్ని జిల్లాల్లో కలెక్టర్లు ఉద్యోగుల కోసం విడిగా గ్రీవెన్స్ రోజు పెడుతున్నారు. మీ జిల్లాలో అది ఉంటే తప్పక వాడుకోండి. అయితే అక్కడ కాగితం ఇచ్చినంత మాత్రాన మీ నియామకాధికారికి ఇవ్వవలసిన రిప్రజెంటేషన్ ఇచ్చినట్టు కాదు.

మొదటి మెట్టు: మీ సమస్య ఎలాంటిదో తేల్చుకోండి

మీకు నష్టం చేసిన ఉత్తర్వు ఏదైనా చేతిలో ఉందా, లేక రావలసినది రాకుండా ఆగిపోయిందా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం దారి తెలిసినట్టే.

ఉత్తర్వు ఉంటే, అది మీకు అందిన రోజు నుంచే గడియారం తిరుగుతోంది. అది శిక్ష అయితే (ఇంక్రిమెంటు కోత, సెన్షూర్ అనే రాతపూర్వక మందలింపు, హోదా తగ్గింపు లాంటివి) మామూలు వినతి చాలదు, నిబంధనల ప్రకారం అప్పీలే వేయాలి. కేంద్ర ఉద్యోగులకు 1965 నాటి సీసీఏ నిబంధనల (వర్గీకరణ, నియంత్రణ, అప్పీళ్ల నిబంధనల) కింద అప్పీలు గడువు 45 రోజులు. రాష్ట్ర ఉద్యోగులకు 1991 నాటి సీసీఏ నిబంధనలు వర్తిస్తాయి, వాటి గడువు వేరు. మీ కార్యాలయంలో ఉన్న ప్రతిలో అప్పీళ్ల భాగం తీసి మీరే చదువుకోండి. పక్క సీటు వారి జ్ఞాపకం మీద ఆధారపడకండి. అప్పీలు మీ ఒక్కరి పేరుతోనే ఉండాలి, అందులో అగౌరవకరమైన మాట ఒక్కటి కూడా ఉండకూడదు.

బదిలీ ఉత్తర్వు అయితే ముందు వెళ్లి చేరండి, తర్వాత రాయండి. బదిలీని ఉద్యోగ జీవితంలో భాగంగానే కోర్టులు చూస్తాయి. చట్టబద్ధమైన నిబంధనను ఉల్లంఘించినప్పుడు, కక్షతో చేశారని రుజువైనప్పుడు తప్ప జోక్యం చేసుకోవడం అరుదు. రిలీవ్ అయ్యాక చేరకుండా ఇంట్లో కూర్చుంటే, బదిలీ సమస్య కాస్తా అనధికార గైర్హాజరు కేసుగా మారుతుంది.

వార్షిక రహస్య నివేదికలో తక్కువ గ్రేడు వచ్చిందా? 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా ప్రతి గ్రేడునూ ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. ఆ తర్వాతి ఏడాది కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం నివేదిక అందిన 15 రోజుల్లో కేంద్ర ఉద్యోగి అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఈ గడువు చాలా చిన్నది. నివేదికను ఆన్‌లైన్‌లో తెరిచిన రోజే అభ్యంతరం రాయడం మొదలుపెట్టండి.

ఎక్కువ జీతం ఇచ్చామంటూ రికవరీ మొదలుపెడితే, రఫీక్ మసీహ్ కేసులో 2014లో వచ్చిన తీర్పు మీకు అండ. మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి, రిటైరైన వారి నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యే వారి నుంచి రికవరీ చేయకూడదని, ఐదేళ్లకు మించి పొరపాటున చెల్లిస్తూ వచ్చిన మొత్తాన్ని కూడా వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అయితే జీతం పెంచేటప్పుడు, ఎక్కువ చెల్లిస్తే తిరిగి ఇస్తానని మీ చేత హామీ పత్రం రాయించుకొని ఉంటే ఆ రక్షణ బలహీనపడుతుంది. అలాంటి పత్రం మీద సంతకం చేశారేమో ముందు చూసుకోండి.

రెండో మెట్టు: కాగితాలు చేతికి తెచ్చుకోండి

సర్వీసు రిజిస్టరులో మీకు సంబంధించిన పుటల నకళ్లు, వివాదంలో ఉన్న ఉత్తర్వు, మీరు ఆధారంగా చూపే జీవో లేదా నిబంధన, అంతకు ముందు ఇచ్చిన కాగితాల రసీదులు. ఇవి లేకుండా రాసిన అర్జీ గాలిలో మాట.

అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయవచ్చు. మీ సొంత సర్వీసు సమాచారం అడగండి. తోటి ఉద్యోగి నివేదికలు, ఆస్తుల వివరాలు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. సీనియారిటీ వివాదంలో మాత్రం జాబితా, దాని తయారీకి పాటించిన నిబంధన, అభ్యంతరాలు పిలిచిన నోటీసు అడగవచ్చు. నా అనుభవంలో, మీ రిప్రజెంటేషన్ మీద రాసిన నోట్ ఫైలు నకలు అడగడం అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. మీ కాగితం ఏ సీటు దగ్గర, ఏ తేదీ నుంచి ఆగిందో అందులో కనిపిస్తుంది.

మూడో మెట్టు: రిప్రజెంటేషన్ రాయడం

ఒక కాగితంలో ఒకే సమస్య ఉండాలి. ఇంక్రిమెంటు గురించి రాస్తూ మధ్యలో క్వార్టర్సు గురించి, అధికారి మాట తీరు గురించి కలిపితే, సెక్షన్‌లో దాన్ని మూడు సీట్లకు తిప్పుతారు. కోపం పూర్తిగా పక్కన పెట్టండి. మీకు జరిగిన అవమానం నిజమే కావచ్చు, కానీ ఆ కాగితాన్ని రేపు చదవబోయేది మిమ్మల్ని ఎన్నడూ చూడని న్యాయమూర్తి. ఆయనకు కావలసినవి తేదీ, నిబంధన, కోరిక.

ఒక నమూనా ఇస్తున్నాను. తేదీలు మీవి వేసుకోండి:

*విషయం: 2023 జూలై 1 నాటి వార్షిక ఇంక్రిమెంటు మంజూరు కాకపోవడం గురించి.*

*1. నేను ఈ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. నా వార్షిక ఇంక్రిమెంటు తేదీ జూలై 1.*

*2. 2023లో ఆ ఇంక్రిమెంటు మంజూరు కాలేదు. దాన్ని నిలిపివేస్తూ నాకు ఎలాంటి ఉత్తర్వూ అందలేదు. ఆ ఏడాది నేను జీతం లేని సెలవు వాడుకోలేదు. నాపై క్రమశిక్షణ చర్యలేవీ పెండింగులో లేవు. సర్వీసు రిజిస్టరు నకలు జతపరిచాను.*

*3. నిలిపివేస్తూ ఉత్తర్వు ఉంటే తప్ప ఇంక్రిమెంటు మామూలుగా ఇవ్వవలసిందేనని ఫండమెంటల్ రూల్ 24 చెబుతోంది.*

*4. కాబట్టి ఇంక్రిమెంటు మంజూరు చేసి, బకాయిలు చెల్లించవలసిందిగా కోరుతున్నాను. అది సాధ్యం కాదని భావిస్తే, కారణాలు తెలుపుతూ ఈ కాగితం అందిన 60 రోజుల్లోగా ఉత్తర్వు ఇవ్వవలసిందిగా మనవి.*

నాలుగో పేరాలోని చివరి వాక్యం చూడండి. రాష్ట్ర ఉద్యోగికి పోయిన గీతను గీయడమంటే ఇదే. మీరు రాసిన గడువు అధికారిని చట్టపరంగా కట్టడి చేయదు. కానీ రేపు హైకోర్టులో, ఫలానా తేదీలోగా నిర్ణయం అడిగాను, గడువు ముగిశాక గుర్తుచేశాను, అయినా స్పందన రాలేదని చూపించడానికి మీ చేతిలో ఒక లెక్క ఉంటుంది. కారణాలు తెలపమని అడగడం కూడా అంతే ముఖ్యం. "పరిశీలించి తిరస్కరించడమైనది" అనే ఒక్క ముక్కతో వచ్చిన జవాబు కోర్టులో నిలవడం కష్టం.

నాలుగో మెట్టు: ఇచ్చే పద్ధతి

ప్రాపర్ ఛానెల్‌లోనే ఇవ్వండి. అంటే మీ పై అధికారి ద్వారా, నిర్ణయం తీసుకునే అధికారికి చిరునామా రాయాలి. మండల కార్యాలయంలో పనిచేసే ఉద్యోగి సమస్య శాఖాధిపతి తేల్చవలసినదైతే, కాగితం శాఖాధిపతి పేరున ఉండి, మండల అధికారి, జిల్లా అధికారి ద్వారా వెళ్లాలి. కింది స్థాయిలో ఆపేస్తారనే భయం ఉంటే, అడ్వాన్స్ కాపీ అని స్పష్టంగా రాసి ఒక ప్రతిని నేరుగా ఆ అధికారికి పంపవచ్చు. అసలు ప్రతి మాత్రం ఛానెల్‌లోనే వెళ్లాలి.

టపా సెక్షన్‌లో ఇచ్చి, మీ ప్రతి మీద తేదీ, ముద్ర, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. ముద్ర వేయకపోతే వాదనకు దిగకండి. అదే రోజు రసీదు వచ్చే స్పీడ్ పోస్టులో పంపండి. ఈ-ఆఫీస్ ఉన్న కార్యాలయాల్లో ఫైలు నంబరు అడిగి రాసుకోండి.

భార్యగానీ భర్తగానీ తల్లిదండ్రులుగానీ మీ తరఫున ముఖ్యమంత్రికో కేంద్రమంత్రికో లేఖ రాయకూడదు. కేంద్ర ఉత్తర్వుల ప్రకారం, బంధువులు రాసిన లేఖ వెనుక ఉద్యోగే ఉన్నారని భావించే అవకాశం ఉంది. ఎమ్మెల్యే సిఫారసు లేఖ జతచేయడం బయటి ఒత్తిడి తేవడమే. వాట్సాప్ గుంపుల్లో, పత్రికల్లో ప్రభుత్వాన్ని విమర్శిస్తూ మీ గోడు చెప్పుకుంటే అసలు సమస్య మరుగున పడి, మీ ప్రవర్తన మీదే విచారణ మొదలవుతుంది.

ఐదో మెట్టు: తేదీల లెక్క

కేంద్ర ఉద్యోగి లెక్క ఇది. 1985 చట్టం 21వ సెక్షన్ ప్రకారం తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు క్యాట్‌లో దరఖాస్తు వేయాలి. 2025 జనవరి 10న అప్పీలు ఇచ్చారనుకుందాం. 2025 ఏప్రిల్ 5న తిరస్కరించారు. అప్పుడు మీకు 2026 ఏప్రిల్ 5 వరకు సమయం ఉంది. అసలు జవాబే రాలేదనుకోండి. ఆరు నెలలు జూలై 10తో పూర్తవుతాయి, ఆ తర్వాత ఏడాది, అంటే 2026 జూలై 10 దాకా గడువు. దరఖాస్తు రుసుము 50 రూపాయలే.

ఇక్కడే ఎక్కువమంది పడిపోయే గొయ్యి ఉంది. నిబంధనలు కల్పించిన అప్పీలుకు ఉన్న విలువ మామూలు వినతిపత్రానికి లేదు. 1989లో ఎస్.ఎస్. రాథోడ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, చట్టం కల్పించని వినతులు పదేపదే ఇచ్చుకుంటూ పోతే గడువు పెరగదని చెప్పింది. అంటే మీరు ఇచ్చిన ఐదో రిమైండరుకు వచ్చిన జవాబు పట్టుకొని వెళితే, ట్రైబ్యునల్ మొదటి ఉత్తర్వు తేదీ నుంచే లెక్కపెడుతుంది. కాబట్టి నష్టం చేసిన ఉత్తర్వు ఉన్నప్పుడు, దాని తేదీ నుంచి ఏడాది అనే లెక్కనే మనసులో పెట్టుకోండి. ఒక రిప్రజెంటేషన్, ఒక రిమైండరు, అవసరమైతే న్యాయవాది ద్వారా ఒక నోటీసు. ఆపైన కోర్టే.

రాష్ట్ర ఉద్యోగికి రిట్ వేయడానికి ఇన్ని నెలలని గడువు లేదు. దాన్ని స్వేచ్ఛగా భావించవద్దు. కారణం లేని ఆలస్యాన్ని హైకోర్టు క్షమించదు, ముఖ్యంగా సీనియారిటీ, పదోన్నతి కేసుల్లో. మీరు మౌనంగా ఉన్న కాలంలో ఇంకొకరు పదోన్నతి పొంది స్థిరపడిపోతారు. అందుకని క్యాట్‌కు ఉన్న ఏడాది గడువునే మీరూ సొంతంగా పాటించండి.

జీతం నిర్ణయంలో పొరపాటు ప్రతి నెలా కొనసాగుతూ ఉంటే కొంత వెసులుబాటు ఉంది. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని కొనసాగే అన్యాయంగా గుర్తించింది. కానీ బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే దక్కుతాయి. పదేళ్ల తర్వాత గుర్తించినవారికి ఏడేళ్ల డబ్బు పోయినట్టే.

ఇంకొక హెచ్చరిక. పాత సమస్య మీద రిట్ వేసి, "నా రిప్రజెంటేషన్‌ను పరిశీలించమని ఆదేశించండి చాలు" అని అడగడం మామూలైపోయింది. కోర్టు అలా ఆదేశిస్తుంది, అధికారి తిరస్కరిస్తారు, ఆ తిరస్కరణతో కొత్త కేసు వేయవచ్చని ఉద్యోగి అనుకుంటారు. కాలం చెల్లిన హక్కుకు ఆ దారిలో ప్రాణం రాదని 2008లోనే సి. జాకబ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ సలహా ఇచ్చే న్యాయవాదిని, మొదటి ఉత్తర్వు వచ్చి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టారా అని అడగండి.

ప్రత్యేక చట్టాలున్న సమస్యలు

కొన్ని సమస్యలకు పార్లమెంటు విడిగా దారి వేసి, ప్రతి మెట్టుకూ గడువు పెట్టింది. ఇవి మీకు వర్తిస్తే మామూలు రిప్రజెంటేషన్‌తో ఆగిపోకండి.

పనిచేసే చోట లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. పది మందికి తగ్గకుండా పనిచేసే ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఆ కార్యాలయంలోని సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా మహిళలుండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కారణం చూపితే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తికావాలి. నివేదిక అందిన 60 రోజుల్లో యాజమాన్యం చర్య తీసుకోవాలి. విచారణ జరుగుతుండగా మీ బదిలీనిగానీ, ఎదుటివారి బదిలీనిగానీ, మూడు నెలల వరకు సెలవుగానీ కోరవచ్చు. ఈ సెలవు మీ ఖాతాలోని సెలవుకు అదనం. కార్యాలయంలో కమిటీయే లేకపోతే ఆ విషయాన్నే రాసి ఇవ్వండి. ఫిర్యాదును షీ-బాక్స్ పోర్టల్‌లో కూడా నమోదు చేయవచ్చు. "పెద్ద సారు మాట్లాడి సర్దుబాటు చేస్తారు" అనే మాట ఎవరు చెప్పినా వినవద్దు. కమిటీ ముందు రాజీకి చట్టంలోనే వీలుంది, కానీ అది బాధితురాలు కోరితేనే. ఆ రాజీకి డబ్బు ఆధారం కాకూడదు.

వైకల్యం ఉన్న ఉద్యోగులకు 2016 చట్టం 23వ సెక్షన్ ఉంది. ప్రతి ప్రభుత్వ సంస్థ గ్రీవెన్స్ అధికారిని నియమించాలి, ఆయన ఫిర్యాదుల రిజిస్టరు పెట్టాలి, నమోదైన రెండు వారాల్లో ప్రతి ఫిర్యాదునూ విచారించాలి. తృప్తి కలగకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసివేయడానికిగానీ హోదా తగ్గించడానికిగానీ వీల్లేదని అదే చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. ఈ రిజిస్టరు గురించి అడిగే ఉద్యోగులే తక్కువ. అడగండి, నమోదు నంబరు తీసుకోండి.

చివరి మెట్టు: పద్ధతినే మార్పించడం

పై గడువులను పక్కపక్కన పెట్టి చూడండి. వైకల్యానికి సంబంధించిన ఫిర్యాదుకు రెండు వారాలు. లైంగిక వేధింపుల విచారణకు 90 రోజులు. పౌరుడి ఫిర్యాదుకు 21 రోజులు. ఇంక్రిమెంటు ఆగిన రాష్ట్ర ఉద్యోగి కాగితానికి? ఏ తేదీ లేదు. తెలంగాణలో 317వ నంబరు జీవో కింద కొత్త జిల్లాలకు, జోన్లకు కేటాయింపులు జరిగినప్పుడు ఉపాధ్యాయులు, ఇతర ఉద్యోగులు ఎంతకాలం తిరిగారో అందరూ చూశారు. అంత పెద్ద పునర్వ్యవస్థీకరణ చేసేటప్పుడు అభ్యంతరాలకు స్పష్టమైన గడువులు, కారణాలతో కూడిన జవాబు ముందే ఏర్పాటు చేసి ఉంటే ఎన్నో కుటుంబాలకు ఆ అలజడి తప్పేది. ఇది ఉద్యోగ సంఘాలు గట్టిగా పట్టుకోవలసిన విషయమని నేను నమ్ముతున్నాను.

సంఘం ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందు తెలుసుకోవాలి. కేంద్రంలో 1993 నాటి గుర్తింపు నిబంధనల ప్రకారం సర్వీసు సంఘం ఒక వ్యక్తి కేసును తలకెత్తుకోకూడదు. 1966 నుంచి నడుస్తున్న, ప్రభుత్వమూ ఉద్యోగ ప్రతినిధులూ కలిసి చర్చించే జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీలోనూ వ్యక్తిగత కేసులు చర్చకు రావు. కాబట్టి సంఘం నాయకుడు మీ పదోన్నతి ఫైలు పట్టుకొని తిరగడం కంటే, మీలాంటి వందమందికి వర్తించే నియమం తెప్పించడం ఆయన అసలు పని. గుర్తింపు కావాలంటే ఆ కేటగిరీ ఉద్యోగుల్లో కనీసం 35 శాతం సభ్యత్వం ఉండాలి. రెండో సంఘానికి 15 శాతం ఉన్నా అవకాశం ఉంది. రాష్ట్రాల్లో జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ ఇలాంటి చర్చలకు వేదిక.

మొదట మీ కార్యాలయంలో గత రెండేళ్లలో వచ్చిన సర్వీసు రిప్రజెంటేషన్లు ఎన్ని, వాటిలో ఎన్నింటికి రాతపూర్వకంగా జవాబు వెళ్లింది, సగటున ఎన్ని రోజులు పట్టింది అని సమాచార హక్కు కింద సంఖ్యలు మాత్రమే అడగండి. పేర్లు అడగకపోతే తిరస్కరించడానికి కారణం దొరకదు. సంఖ్యలు లేవని జవాబు వస్తే అది కూడా వాదనకు పనికొస్తుంది, రిజిస్టరే నిర్వహించడం లేదని దాని అర్థం.

తర్వాత చిన్న కోరికతో మొదలుపెట్టండి. కార్యాలయాధిపతి తన అధికారంతోనే ఒక సర్క్యులర్ ఇవ్వగలరు: సర్వీసు రిప్రజెంటేషన్లకు విడి రిజిస్టరు, ప్రతి కాగితానికీ నంబరుతో రసీదు, తన పరిధిలో లేనిదాన్ని ఏడు రోజుల్లో పై అధికారికి పంపడం, నెలకొకసారి పెండింగు సమీక్ష. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక కార్యాలయంలో ఇది నడిస్తే జిల్లా అధికారికి చూపించడానికి ఉదాహరణ దొరుకుతుంది.

ఆపైన కౌన్సిల్ అజెండాకు పంపే తీర్మానం. నేనైతే ఇలా రాస్తాను: "సర్వీసు విషయాలపై ప్రాపర్ ఛానెల్‌లో అందిన ప్రతి రిప్రజెంటేషన్‌పై నిర్ణయాధికారి 60 రోజుల్లో కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. ఆరు నెలల్లో ఉత్తర్వు రాకపోతే తిరస్కరించినట్టుగా భావించి ఉద్యోగి తదుపరి మార్గం ఎంచుకోవచ్చు. ఆలస్యానికి కారణమైన స్థాయి పేరు నెలవారీ సమీక్షలో నమోదు కావాలి." రెండో వాక్యం ట్రైబ్యునళ్ల చట్టంలో ఉన్న హద్దునే రాష్ట్ర ఉద్యోగికి తిరిగి తెస్తుంది, కొత్తగా కనిపెట్టినది కాదు. ఆ మాట చర్చలో తప్పక చెప్పండి. ఒకప్పుడు మన ఉద్యోగులకే వర్తించిన నియమమని తెలిస్తే ఆర్థిక, న్యాయ శాఖల అభ్యంతరం తగ్గుతుంది.

చర్చ జరిగిన రోజే మినిట్స్ ప్రతి అడగండి. "పరిశీలిస్తాము" అని రాసి ఉంటే, ఎవరు, ఏ తేదీలోగా అనే రెండు ఖాళీలు పూరించమని అక్కడికక్కడే కోరండి. తర్వాతి సమావేశం అజెండాలో మొదటి అంశంగా అదే విషయాన్ని, అదే అంశం సంఖ్యతో, మళ్లీ పంపండి.